హెర్పిస్ వ్యాధులు : మందు వేయు వేళ

నడుమునకో, ఛాతికో ఒక ప్రక్కన తొలుత మంటయు సలుపును పుట్టును. రెండు మూడు దినములలో ఆ చోట చర్మము ఎఱ్ఱబాఱి నీటిపొక్కులు వరుసగా తేలును. దీనిని మనవారు అక్కి యనియు, సర్పి యనియు అందురు. వైద్యులు హెర్పిస్ జోస్టర్ అందురు. పైపూతలతో నాలుగు దినములు గడిపి, తగ్గనిచో అప్పుడు వైద్యుని కడకు పోవువారు పెక్కురు. ఆ నాలుగు దినముల విలువ యెంతటిదో తెలుపుటయే ఈ ప్రసంగమున మా యుద్దేశము.

హెర్పిస్ అనునది ఒక్క వైరసు పేరు కాదు. ఒక కుటుంబము పేరు. అందు మనకు తఱచుగా ఎదురగునవి మూడు. సింప్లెక్స్ మొదటి రకము ప్రధానముగా పెదవులపై పొక్కులను కలిగించును. రెండవ రకము ప్రధానముగా మర్మస్థానములను బాధించును. మూడవది ఆటలమ్మకు కారణమైన వైరసు. చిన్నతనమున ఆటలమ్మ పోసి తగ్గినను ఈ వైరసు దేహమును విడిచి పోదు. నాడీగ్రంథులలో దాగియుండి, వయసు మీఱినపుడో, రోగనిరోధక శక్తి సన్నగిల్లినపుడో అక్కి రూపమున మరల బయలుదేరును. సింప్లెక్స్ రకములు రెండును ఇట్లే దాగియుండును. ఏబది ఏండ్లలోపు జనులలో నూటికి 64 మంది దేహములందు మొదటి రకము ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సంవత్సరమునకు అంచనా వేసినది. కనుక ఇది ఏ కొందఱి వ్యాధియో కాదు.

పెనిసిలిన్ వంటి మందులు బాక్టీరియాను చంపును గాని వైరసును ఏమియు చేయలేవు. వైరసు తనంత తాను పెరుగజాలదు. మన జీవకణములోనికి చొచ్చి, ఆ కణముచేతనే తన ప్రతులను తయారు చేయించుకొనును. వైరసును కొట్టబోయిన దెబ్బ కణమునకు తగులుట చాలకాలము వైద్యులకు చిక్కు సమస్యగా నుండెను. 1959లో విలియం ప్రూసాఫ్ తయారు చేసిన ఐడాక్సురిడిన్ 1960 దశకమున కంటి హెర్పిస్‌కు చుక్కలమందుగా ఉపయోగపడినది. కాని లోపలికి తీసికొనుటకు అది మిక్కిలి విషకరము.

1970 దశకమున బరోస్ వెల్కమ్ పరిశోధనాలయమున హోవర్డ్ షేఫర్, గెర్ట్రూడ్ ఎలియన్ మున్నగువారి కృషిచే ఎసైక్లోవిర్ వెలువడినది. ఔషధ నిర్మాణమున నూతన సూత్రములను కనుగొన్నందులకు ఎలియన్ 1988లో మఱి యిరువురితో కలసి నోబెల్ బహుమానము నందెను.

ఈ మందు కణములో ప్రవేశించునపుడు నిద్రాణముగా నుండును. దానిని మేల్కొలుపు తొలి పని చేయునది వైరసు తెచ్చుకొన్న ఎన్‌జైమే. దొంగ తాను తెచ్చిన తాళముతో తానే బందీ యైనట్లు, మేల్కొన్న మందు వైరసు డి.ఎన్.ఎ. గొలుసులో చేరి, ఆ గొలుసును అచటితో ఆపివేయును. వైరసు లేని కణములో మందు దాదాపుగా మేల్కొనదు. అందుచే మన కణములకు హాని స్వల్పము.

ఇందుండి ముఖ్యమైన సంగతి యొకటి తేలుచున్నది. వైరసు వృద్ధి చెందుచున్నపుడే ఈ మందు పని చేయును. నాడీగ్రంథులలో నిద్రించు వైరసును అది తాకలేదు. కావున అక్కికి పొక్కులు కనబడిన 72 గంటల లోపల మందు మొదలిడవలెనని వైద్యులు చెప్పుదురు. అట్లు చేసినచో పొక్కులు త్వరగా మానును. తొలినాళ్ళ నొప్పి తగ్గును. గడువు దాటినను క్రొత్త పొక్కులు వచ్చుచున్నయెడల వైద్యుడు మందు నీయవచ్చును. కనుక ఆలస్యమైనదని మానుకొనరాదు.

నుదుటను, కంటిచుట్టును, ముక్కు కొనయందును పొక్కులు వచ్చినచో ఆ దినముననే కంటివైద్యుని చూడవలెను. చూపే పోవు ప్రమాదము కలదు. సింప్లెక్స్ వైరసు అరుదుగా మెదడును పట్టును. జ్వరముతో మాట తడబడుట, మతి తప్పుట, మూర్ఛ దాని గుర్తులు. చికిత్స లేనిచో పదిమందిలో ఏడుగురు మరణింతురు. 1986లో అమెరికాలో ప్రకటితమైన పరిశీలనలో పాతమందు విడరబిన్ పొందినవారిలో నూటికి 54 మంది, ఎసైక్లోవిర్ పొందినవారిలో నూటికి 28 మంది మరణించిరి. ఇట్టి రోగికి పరీక్షాఫలితము వచ్చువఱకు ఆగక, సిరలోనికి మందు ఎక్కింతురు.

అక్కి వచ్చిన పెద్దలకు సాధారణముగా ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు దినమునకు ఐదుసార్లు, కనీసము ఏడు దినము లిత్తురు. వలసైక్లోవిర్ అయినచో 1000 మిల్లీగ్రాములు దినమునకు మూడుసార్లు చాలును. ఈ లెక్కలు తెలిసికొనుటకే గాని స్వయముగా కొని మ్రింగుటకు గాదు. మందు మూత్రపిండముల ద్వారా వెడలును గనుక, అవి చెడినవారికిని వృద్ధులకును మోతాదు తగ్గింపవలసి రావచ్చును. నీరు తగినంత త్రాగవలెను.

మర్మస్థానపు హెర్పిస్ విషయమున ఆలస్యమునకు కారణము సిగ్గు. ఇది మాటిమాటికి తిరుగబెట్టువారికి ప్రతిదినము మాత్ర నిచ్చి నివారించు పద్ధతి కలదు. వలసైక్లోవిర్ నిట్లు వాడుటచే దంపతులలో ఒకరినుండి యొకరికి వ్యాపించుట సుమారు సగము తగ్గినదని 2004లో ప్రకటితమైన పరిశీలన తెల్పినది. గర్భవతి యీ సంగతిని వైద్యునికి దాచినచో ప్రసవవేళ శిశువునకు ప్రాణాపాయము సంభవింపవచ్చును. చెప్పినచో దానిని తప్పించు మార్గములు గలవు.

వైరసును దేహమునుండి పూర్తిగా తుడిచివేయు మందు ఇంకను రాలేదు. ఉన్న మందు వేళకు వేసికొన్ననే ఫలించును. ఇంట నెవరికైనను ఒక ప్రక్కగా మంటయు పొక్కులును కనబడినయెడల, అవి ఏనాడు, ఏ వేళ కనబడినవో గుర్తుంచుకొని, ఆ దినముననే వైద్యుని కడకు వెళ్ళి చెప్పవలయును.