వక్ఫ్ అలల్ ఔలాద్: లండన్ తీర్పు

ఆస్తిని విక్రయానికి వీలులేకుండా చేసి, దాని రాబడిని తొలుత సంతానానికి, వంశం అంతరించాక పేదలకు కేటాయించడమే వక్ఫ్ అలల్ ఔలాద్. ఇస్లాంలో తనవారిపై చేసే వ్యయమూ సదఖాయే. ఆంగ్లేయ న్యాయమూర్తులకు ఇది అంతుపట్టలేదు. వారి చేతిలో ఉన్నది హామిల్టన్ 1791లో ప్రచురించిన హిదాయా అనువాదం; అదీ పారసీ నుండి చేసినది! విషయం విడమరచి చెప్పగల ముస్లిం న్యాయాధికారుల పదవులు 1864లోనే రద్దయ్యాయి. పేదల వంతు ఎన్నడో గాని రాదు గనుక ఇట్టి వక్ఫ్ చెల్లదని 1894లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. షిబ్లీ నూమానీ ఆందోళన, జిన్నా బిల్లు ఫలితంగా 1913లో చట్టం వచ్చింది. ఫిఖ్హ్ బలంతో నిలిచిన వక్ఫ్‌కు ఇక శాసనమే ఆధారమయింది. పాత వక్ఫ్‌లకు 1930 దాకా రక్షణ లేదు. అప్పటికే ఇతరులకు సంక్రమించిన హక్కులను ఆ చట్టమూ ముట్టలేదు.