ఎర్ర లైటు వెలిగే దాకా ఆగకండి: ట్రాక్టర్‌కి ఆయిల్ ప్రెషర్ గేజి, బజరు

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకి ఇంజిన్ ఆయిల్ సంగతి ఎందుకు అనుకోవద్దు. మన పద్ధతిలో యూరియా బస్తాలు తగ్గాయి గానీ ట్రాక్టర్ తిరిగే గంటలు తగ్గలేదండి. కొబ్బరి మట్టలు, కోకో కొమ్మలు ముక్కలు కొట్టి ఆచ్ఛాదన వేయాలంటే ష్రెడ్డర్ నడవాలి. అది పీటీఓ మీద, ఒకేచోట, మూడు నాలుగు గంటలు ఆగకుండా తిరుగుతుంది. దున్నేటప్పుడైతే మనిషి సీటులో ఉంటాడు, మీటర్లు కళ్లెదురుగా ఉంటాయి. ష్రెడ్డర్ నడిచేటప్పుడు డ్రైవరు కూడా వెనక్కొచ్చి మట్టలు అందిస్తాడు. డాష్‌బోర్డు వైపు చూసే నాథుడు ఉండడు.

పోయినేడాది మార్చిలో మా బాబాయి ట్రాక్టర్ అలాగే పోయింది. అంతకు రెండు రోజుల ముందే బయట సర్వీసు చేయించారు. పాత ఆయిల్ ఫిల్టర్ తీసినప్పుడు దాని రబ్బరు వాచరు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయింది. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించేశారు. రెండు వాచర్లు ఒకదాని మీద ఒకటి నిలబడవు కదా, ష్రెడ్డర్ లోడు మీద ఉండగా పక్కకి జరిగి ఆయిలంతా బయటికి కొట్టేసింది. ఎర్ర లైటు వెలిగే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండ, మిషను హోరు, ఎవరికి కనపడుతుంది? ఇంజిన్ పట్టేసింది. క్రాంకు గ్రైండింగు, బేరింగ్ షెల్స్, పిస్టన్లు, కూలీ అన్నీ కలిపి 62,000 రూపాయలు అయ్యింది. వేసవికి ముందే పడాల్సిన ఆచ్ఛాదన సగం తోటకి పడనే లేదు. నాకు డబ్బు కన్నా అదే ఎక్కువ నష్టమనిపించింది.

ముందు ఆ లైటు సంగతి చెప్పుకుందాం. దాని వెనక ఉండేది ఒక చిన్న స్విచ్చు. ప్రెషర్ సుమారు అర కేజీకి పడిపోతేనే లైటు వెలుగుతుంది. (కేజీ అంటే చదరపు సెంటీమీటరుకి కేజీ, 14 పీఎస్ఐ పైచిలుకు.) వేడెక్కిన ఇంజిన్ పని వేగంలో మూడు కేజీలు చూపించాల్సిన చోట ఒకటే చూపిస్తున్నా లైటుకి ఏమీ పట్టదు. అది వెలిగేసరికి బేరింగుల మధ్య ఆయిల్ పొర చిరిగిపోవడం మొదలై ఉంటుంది.

అందుకే గేజి. రెండు రకాలు దొరుకుతాయి. మెకానికల్ గేజికి ఇంజిన్ నుంచి సన్నటి గొట్టంలో ఆయిలే నేరుగా వస్తుంది. కరెంటుతో పని లేదు, చెప్పేది నమ్మొచ్చు. ప్లాస్టిక్ గొట్టం మాత్రం వద్దు, సైలెన్సర్‌కి తగిలితే కరిగి వేడి ఆయిల్ ఒంటి మీద పడుతుంది. రాగి గొట్టం వేసి, మధ్యలో ఒక చుట్టు తిప్పండి, అదురుకి విరగదు. పవర్ స్ప్రేయర్‌కి ఉండే గ్లిజరిన్ గేజి చూసే ఉంటారు, ముల్లు వణక్కుండా నిలకడగా ఉంటుంది. అలాంటిదే తీసుకోండి, కానీ 7 లేదా 10 కేజీల స్కేలుది. స్ప్రేయర్ గేజి తెచ్చి ఇక్కడ పెడితే ముల్లు కదిలినట్టే కనపడదు. నాది 850 రూపాయలు పడింది. బిగించే ముందు టైర్ల షాపులో కంప్రెసర్ గాలితో సరిచూసుకున్నాను.

రెండోది సెన్సరుతో నడిచే ఎలక్ట్రికల్ గేజి. సెన్సరూ గేజీ ఒకే జత అయి ఉండాలి, ఒకదాని ఓమ్స్ ఇంకోదానికి సరిపోకపోతే లెక్క తప్పు వస్తుంది. చాలా సెన్సర్లకి ఎర్తు ఒంటి ద్వారానే అందుతుంది. మరల మీద టేపు దండిగా చుడితే ఎర్తు పోయి ముల్లు అబద్ధం చెబుతుంది.

అసలు తిప్పలు మరల దగ్గరే. 1/8 అంగుళం ఎన్‌పీటీకి అంగుళానికి 27 చుట్లు, బీఎస్‌పీకి 28. కంటికి రెండూ ఒకటే. రెండు చుట్లు ఎక్కి బిగిసిందంటే బలవంతం చేయకండి, బ్లాకు మర పోతే అది ఇంకో ఖర్చు. పాత స్విచ్చు విప్పి షాపుకి పట్టుకెళ్లి, దానికి సరిపోయే టీ జాయింటు తెచ్చుకోండి. లైటు స్విచ్చు తీసేయొద్దు, టీకి ఒక వైపు అదీ, రెండో వైపు గేజీ. బరువైన సెన్సరుని ఇత్తడి టీకి వేలాడదీస్తే అదురుకి మెడ విరుగుతుంది. చిన్న హోస్ పైపు వేసి చాసిస్‌కి క్లాంపు కొట్టండి.

ఇప్పుడు రీడింగు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ముల్లు ఎక్కడికో ఎగురుతుంది, ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి. దాన్ని చూసి మురిసిపోవద్దు. గంట పని చేశాక, ఒకే ఆర్పీఎం దగ్గర చూడాలి. మీ మోడల్‌కి ఎంత ఉండాలో మాన్యువల్లో ఉంటుంది. పాత మెకానిక్కుల మోటు లెక్క ఒకటుంది: వేడి ఇంజిన్‌కి వెయ్యి ఆర్పీఎంకి 10 పీఎస్ఐ తగ్గకూడదు. నేను జీవామృతం తేదీలు రాసుకునే పుస్తకంలోనే నెలకోసారి ఇదీ రాస్తున్నాను. ఒక్కరోజు రీడింగుతో పెద్దగా తెలిసేది ఉండదు, వరసగా దిగుతోందా అన్నదే విషయం.

ప్రెషర్ తగ్గుతోంది, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మాత్రం పెరుగుతోంది అంటే సంతోషించకండి. ఆయిల్లోకి డీజిల్ దిగుతోందన్నమాట. వాసన చూస్తే తెలుస్తుంది. లెవెల్ సరిగ్గానే ఉండి ప్రెషర్ పడితే జాలీ మూసుకుపోవడం, రిలీఫ్ వాల్వు, ఆయిల్ పంపు, బేరింగులు, వీటిలో ఏదో ఒకటి. కొందరు చిక్కటి ఆయిల్ పోసి ముల్లు పైకి తెప్పిస్తారు. యూరియా చల్లితే ఆకు పచ్చబడినట్టే అది, నేల అలాగే ఉంటుంది.

గేజి ఉన్నా వెనకాల ఉన్న మనిషికి కనపడదు కాబట్టి బజరు కూడా పెట్టాను. అడ్జస్ట్ చేసుకునే ప్రెషర్ స్విచ్చు ఒకటి, రిలే, లారీ రివర్స్ హారను. స్విచ్చుని 1.5 కేజీల దగ్గర సెట్ చేశాం. ఇంజిన్ స్లోలో ఉంటే వేడి మీద అంతకన్నా తక్కువే ఉంటుంది, ఊరికే మోగి చంపుతుంది. అందుకని మధ్యలో ఒక బటన్. పీటీఓ పని మొదలెట్టాకే ఆన్ చేస్తాం. కంప్యూటరుతో నడిచే కొత్త ట్రాక్టర్లకి కంపెనీ సెన్సరు వైరుని మాత్రం కోయకండి, వారంటీ ఉంటే ముందు డీలర్ని అడగండి.

నా బండి 1800 ఆర్పీఎం దగ్గర గేజి పెట్టిన కొత్తలో 3.4 చూపించేది, ఇప్పుడు 2.6. ఆయిల్, ఫిల్టర్ మార్చినా పెరగలేదు. బజరు ఒక్కసారీ మోగలేదు, లైటు సంగతి సరేసరి. అయినా తొలకరి దుక్కులకి ముందే కింద ఆయిల్ చాంబర్ దింపిస్తున్నాను. షెల్స్ అరుగుదల దగ్గరే దొరికితే క్రాంకు గ్రైండింగు దాకా పోదు. విప్పేటప్పుడు వీడియో తీస్తాను, ఆ షెల్స్ ఎలా ఉన్నాయో మీరే చూద్దురు గాని.