గాలిని కొలిచే యంత్రం – దాని శుభ్రత



ఇంట్లో ఉబ్బసం ఉన్న బిడ్డో, ఆయాసపడే అత్తగారో ఉంటే ఈ రోజుల్లో చాలామంది గాలిని శుద్ధిచేసే యంత్రం కొంటున్నారు. దాని ముఖం మీద ఒక అంకె వెలుగుతుంటుంది. అది తక్కువగా ఉంటే గాలి బాగుందని మనం నిశ్చింతగా ఉంటాం. మరి ఆ అంకె చెప్పే భాగానికే జిడ్డు పట్టి ఉంటే? గాలి చెడినా యంత్రం మెల్లగా తిరుగుతుంది, బిడ్డ మాత్రం దగ్గుతూనే ఉంటాడు.

ధూళి పట్నవాసులకే అనుకోకండి. వెనుకటి వరంగల్ జిల్లాలో, 2016 నుండి జనగామ జిల్లాలో ఉన్న పాలకుర్తినే తీసుకోండి. సోమనాథ కవి పేరుతో ముడిపడిన ఊరది. అటువంటి ఊళ్ళలో వరికోతలు వచ్చాయంటే కోత మిషన్లు లేపే దుమ్ము, కొయ్యకాళ్ళు కాల్చిన పొగ తప్పవు. పండక్కి పుట్టింటికి వెళ్తూ ఈ యంత్రాన్ని వెంట తీసుకుపోతే, తిరిగి వచ్చాక దాన్ని ఒకసారి చూసుకోవటం మంచిది.

పెంకుటింటి సందులోంచి పడే ఎండలో ధూళి తేలటం మీరంతా చూసిందే గదా! పెద్దలు ఆ రేణువునే త్రసరేణువు అన్నారు. సెన్సారు పని కూడా అదే. చిన్న ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంది. లేజర్ కిరణం ఆ గాలి గుండా పోతుంది. రేణువు అడ్డువస్తే వెలుగు చెదురుతుంది. పక్కనున్న కన్నులాంటి భాగం ఆ మెరుపులను లెక్కిస్తుంది. ప్రయోగశాలల్లో ధూళికణాలను లెక్కించే పెద్ద పరికరాలు అనేకం పనిచేసేదీ ఈ సూత్రం మీదే. పిఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకు లోపు రేణువులు. తలవెంట్రుక మందంలో ఇంచుమించు 30వ వంతు. ఊపిరితిత్తుల లోలోపలికి పోయేవి ఇవే. మన దేశ ప్రమాణం ప్రకారం ఘనపుమీటరు గాలిలో ఇవి 24 గంటల సగటున 60 మైక్రోగ్రాములు దాటరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 15 మాత్రమే.

ఇక శుభ్రం చేసే పద్ధతి. ముందుగా స్విచ్ ఆపి, ప్లగ్గు పీకేయండి. ఫ్యాను పూర్తిగా ఆగనివ్వండి. సెన్సారుకు కంపెనీవారు పెట్టిన చిన్న మూత మాత్రమే తీయండి. స్క్రూలు విప్పి లోపలి డబ్బాను తెరవకండి. మూసి ఉన్నంతవరకు ఆ లేజర్‌తో భయం లేదు. తెరిచి కరెంటు పెడితే మాత్రం కిరణం సూటిగా కంట్లో పడి చూపుకే ముప్పు రావచ్చు. కొన్ని లేజర్ల వెలుగు కంటికి కనపడదు కూడా సుమా! పిల్లలను దగ్గరకు రానివ్వకండి.

గాలి పోయే జాలీని మెత్తని, పొడి బ్రష్షుతో దులపండి. కెమెరా దుమ్ము దులిపే రబ్బరు బుడ్డి ఉంటే దాంతో మెల్లగా ఊదండి. నోటితో ఊదితే తుంపర పడుతుంది. సైకిలు షాపు గాలి కొట్టిస్తే చిన్న ఫ్యాను పాడవుతుంది, ఆ గాలిలోని తేమ, నూనె లోపలికి చేరుతాయి. అద్దం బయటికి కనిపించే రకమైతే, పుస్తకంలో చెప్పి ఉంటేనే, దూదిపుల్లను కొంచెం తడిచేసి తుడిచి, వెంటనే పొడిపుల్లతో అద్దండి. స్పిరిట్, అద్దాలు తుడిచే మందులు వద్దు. ప్లాస్టిక్ అద్దమైతే మసకబారుతుంది. తడి ఆరాకే మూత పెట్టండి.

రెండు నెలలకొకసారి ఇట్లా చేస్తే సాధారణంగా చాలు. తాలింపు పొగ, అగరుబత్తులు, దోమల చుట్టలు ఎక్కువైన ఇంట్లో నెలకొకసారి చేయండి. పొయ్యి దగ్గర, ఎండపడే చోట యంత్రం పెట్టకండి. ఆవిరి, పొగమంచు బిందువులను కూడా అది ధూళిగానే లెక్కిస్తుంది. కాబట్టి చలికాలం ఉదయం అంకె పెరిగితే కంగారుపడకండి.

యంత్రం నిజం చెబుతోందా అని చూడటం సులభం. మూరెడు దూరంలో అగరుబత్తి ఒక నిమిషం వెలిగించండి. అంకె పెరగాలి. బత్తి తీసేశాక క్రమంగా దిగాలి. శుభ్రం చేసిన తరువాత కూడా ఒకే అంకె దగ్గర నిలిచిపోతే లేజర్ అరిగిందేమో! కొన్ని రకాల్లో దాని ఆయువు సుమారు 8000 గంటలే. రాత్రింబగళ్ళు నడిపితే 11 నెలల్లో తీరిపోతుంది. అప్పుడు సెన్సారు మార్పించటమే మార్గం.

చివరిగా ఒక్క మాట. అంకె ఎంత తక్కువ చూపినా, బిడ్డ ఊపిరిలో పిల్లికూతలు వినిపిస్తే యంత్రాన్ని పక్కనపెట్టి డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్ళండి. తల్లి చెవి కన్నా గొప్ప సెన్సారు లేదు.