బంగారు బిళ్ల అమ్మేటప్పుడు బేరం

శాతాలు, లాభనష్టాల లెక్కలు నేర్చుకున్నారు కదా. ఆ లెక్కలు పరీక్షలో మార్కుల కోసమే కావు. ఇంట్లో ఉన్న చిన్న బంగారు బిళ్లను అమ్మవలసి వచ్చిన రోజున కూడా అవి పనికివస్తాయి. ఆసుపత్రి ఖర్చో, కాలేజీ ఫీజో, పొలానికి ఎరువుల బాకీయో నెత్తిమీదికి వచ్చినప్పుడు చాలామంది ముందుగా బీరువా తెరిచి చూసుకునేది బంగారం వైపే. అయితే కొనేటప్పుడు గంటల తరబడి బేరమాడే మనం, అమ్మేటప్పుడు మాత్రం అంగడివాడు కాగితం మీద వేసిన అంకెకు తలూపి వచ్చేస్తాం. ఈ పాఠంలో ఆ అంకె ఎక్కడినుంచి వస్తుందో, అందులో ఎంతవరకు న్యాయం ఉందో, ఎంతవరకు బేరమాడవచ్చో తెలుసుకుందాం.

మీ చేతిలో ఉన్నది ఏమిటి?

మొదట మీ బిళ్లను జాగ్రత్తగా చూడండి. బ్యాంకులు, నగల దుకాణాలు అమ్మే 1, 2, 4, 5, 8, 10 గ్రాముల బిళ్లలు సాధారణంగా మేలిమి బంగారంతో చేసినవి. వాటి మీద 999 అనో 995 అనో ఉంటుంది. 999 అంటే వెయ్యి భాగాల్లో 999 భాగాలు శుద్ధమైన బంగారం అని అర్థం. దీనినే 24 క్యారెట్లు అంటాం. 916 అని ఉంటే అది 22 క్యారెట్లు. అంటే 24 భాగాల్లో 22 భాగాలు బంగారం, మిగిలిన రెండు భాగాలు రాగి, వెండి వంటి లోహాలు. కొన్ని దుకాణాలు 22 క్యారెట్ల బిళ్లలు కూడా అమ్ముతాయి. కాబట్టి బిళ్ల అయినంత మాత్రాన మేలిమి అనుకోకూడదు. అంకె చూడాలి.

పాత కుటుంబాల్లో రాజుల తలలు, రాణి తల ఉన్న ఇంగ్లీషు సవర్లు కూడా దొరుకుతాయి. కాసులపేరులో గుచ్చుకున్న కాసులకు మూలం నాణేలే. సవర బరువు సుమారు 7.98 గ్రాములు. అది 22 క్యారెట్ల నాణెం కనుక దానిలో ఉండే శుద్ధ బంగారం 7.32 గ్రాములు. 1918లో ఈ నాణేలను బొంబాయిలో కూడా ముద్రించారు. వాటి మీద చిన్న ‘ఐ’ అక్షరం ఉంటుంది. మీ ఇంట్లో పాత సవర ఉంటే, కరిగించే బంగారంగా అమ్మేముందు నాణేలు సేకరించేవారికి ఒకసారి చూపించడం మంచిది. అన్నిటికీ ఎక్కువ ధర రాదు గానీ, ఒకసారి కరిగించాక మళ్లీ నాణెం రాదు.

బిళ్ల ప్లాస్టిక్ అట్టలో సీలు వేసి ఉంటే ఆ సీలు మీరు తీయకండి. కొన్నప్పటి బిల్లు, స్వచ్ఛత పత్రం ఉంటే వెతికి పెట్టుకోండి. సీలు, బిల్లు ఉన్న బిళ్లను అంగడివాడు మళ్లీ అలాగే అమ్ముకోగలడు. లేని బిళ్లను పరీక్షించుకోవాలి, అనుమానించాలి, చివరికి కరిగించాలి. ఈ తేడాయే మీకు వచ్చే ధరలో కనిపిస్తుంది. బిళ్లకు కొక్కెం అతికించి మెడలో వేసుకుని ఉంటే, ఆ టంకంలో వేరే లోహాలు కలుస్తాయి కనుక కొంత తగ్గించడం న్యాయమే.

కొన్న ధర ఎందుకు రాదు?

“పదివేలకు పైగా పెట్టి కొన్నాను, రేటు కూడా తగ్గలేదు, మరి తక్కువ ఇస్తానంటాడేం?” అని చాలామంది బాధపడతారు. ఒక లెక్క చూడండి. లెక్క సులువుగా ఉండడానికి మేలిమి బంగారం గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. మీరు వెళ్లిన రోజు రేటు వేరుగా ఉంటుంది. ఒక గ్రాము బిళ్ల చేయడానికి, అట్టలో పెట్టడానికి అంగడివాడు 500 రూపాయలు తీసుకున్నాడనుకోండి. దాని మీద జీఎస్టీ 3 శాతం. అంటే 10,500 మీద 315. మీరు చెల్లించింది 10,815 రూపాయలు. తిరిగి అమ్మేటప్పుడు ఆ 815 రూపాయలు ఎవరూ ఇవ్వరు. ముద్రించిన కూలి, ప్రభుత్వానికి వెళ్లిన పన్ను బంగారంలో లేవు కదా.

చిన్న బిళ్లకు ఈ నష్టం ఎక్కువ. గ్రాము బిళ్ల ముద్రించినా పది గ్రాముల బిళ్ల ముద్రించినా పని దాదాపు ఒకటే. అదే 500 రూపాయలు గ్రాము బిళ్ల మీద 5 శాతం అయితే, పది గ్రాముల బిళ్ల మీద అర శాతమే.

బ్యాంకులో కొన్న బిళ్లను ఆ బ్యాంకే తిరిగి తీసుకుంటుందని కొందరు నమ్ముతారు. బ్యాంకులు బిళ్లలు అమ్ముతాయి గాని తిరిగి కొనవు. కనుక చివరికి మీరు వెళ్లేది బజారుకే.

అంగడివాడి వైపు నుంచి చూద్దాం

బేరం అంటే ఎదుటివాడిని దొంగ అనుకోవడం కాదు. అతని ఖర్చు ఏమిటో తెలిస్తే, ఎంతవరకు దిగిరాగలడో మీకు అంచనా దొరుకుతుంది. బిళ్ల కొన్న వర్తకుడు దానిని పరీక్షించాలి. అతను మళ్లీ అమ్మేలోపల రేటు పడిపోవచ్చు. 2024 జూలైలో కేంద్ర ప్రభుత్వం బంగారం మీద దిగుమతి సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించినప్పుడు రేటు ఆ రోజే పడిపోయింది. ముందురోజు పూర్తి రేటుకు కొని పెట్టుకున్నవాడికి అది నష్టమే. దొంగసొత్తు అని తెలిసి కొంటే కొన్నవాడు కూడా శిక్షార్హుడు. అందుకే ఆధార్ నకలు అడుగుతాడు. అది అడిగినందుకు మీరు చిన్నబుచ్చుకోనక్కరలేదు. నిజానికి ఏమీ అడగకుండా కొనేవాడి దగ్గరే జాగ్రత్త పడాలి.

ఇక రెండో సంగతి. బంగారం వంకాయలలాగా సాయంత్రానికి వాడిపోదు. మేలిమి బిళ్లను వర్తకుడు తలచుకుంటే అదే రోజు పెద్ద వర్తకుడికి దాదాపు పూర్తి రేటుకు అమ్ముకోగలడు. కాబట్టి రాళ్లు, అరకు, టంకం ఉన్న పాత నగ మీద తీసినంత తగ్గింపు బిళ్ల మీద తీయవలసిన పని లేదు. మీ బేరానికి బలం ఇక్కడే ఉంది.

డబ్బు ఎక్కడెక్కడ జారిపోతుంది?

అన్నిటికన్నా పెద్ద చిల్లు క్యారెట్ల దగ్గర ఉంటుంది. గోడ మీద పలకలో రెండు రేట్లు ఉంటాయి. 24 క్యారెట్లది 10,000 అయితే, 22 క్యారెట్లది సుమారు 9,167. మీ 999 బిళ్లకు 22 క్యారెట్ల రేటు వేస్తే, రెండు గ్రాములకు 20,000 బదులు 18,333 వస్తుంది. మాట కూడా తేడా రాకుండా 1,667 రూపాయలు పోయాయి. “పాత బంగారం దేనికైనా ఇదే రేటమ్మా” అనే మాట వినపడితే అక్కడ ఆగండి.

తూకంలో చివరి అంకెలు వదిలేయడం ఇంకొకటి. 1.99 గ్రాములను 1.9 అని రాసుకుంటే 900 రూపాయలు పోయినట్లే. కాటా మీ కళ్లెదుట ఉండాలి, ముందు సున్నా చూపించాలి, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఫ్యాను గాలికి కూడా సన్నకాటా అంకెలు కదులుతాయి. అద్దాల మూత వేయమనండి.

తరుగు అనే పేరుతో తీసే శాతం, పరీక్ష రుసుము అనే పేరుతో తీసే రూపాయలు కూడా ఉంటాయి. మార్చుకుంటే పూర్తి రేటు, డబ్బు కావాలంటే తగ్గింపు అని చాలా దుకాణాలు అంటాయి. మార్చుకున్నప్పుడు కొత్త నగ మీద మజూరీ, తరుగు, జీఎస్టీ మళ్లీ కడతారని మరచిపోకండి. డబ్బు అవసరమై వెళ్లి నగతో తిరిగిరావడం బేరం గెలిచినట్లు కాదు.

వీటన్నిటినీ విడివిడిగా పట్టుకుని వాదించడం కష్టం. అందుకని ఒకే ప్రశ్న అడగండి: “అన్నీ పోను నా చేతికి ఎంత వస్తుంది?” ఆ మొత్తాన్ని బిళ్ల బరువుతో భాగించండి. గ్రాముకు ఎంత ఇస్తున్నాడో తేలిపోతుంది.

రెండు గ్రాముల బిళ్లకు మూడు అంగళ్లు చెప్పిన ధరలు ఇలా ఉన్నాయనుకోండి. మొదటి అంగడి రేటు 10,000, తరుగు 3 శాతం, పరీక్ష రుసుము 200. రెండో అంగడి రేటు 9,850, ఇంకేమీ తీయడు. మూడో అంగడి రేటు 9,900, తూకం మాత్రం 1.9 గ్రాములు అంటాడు. రేటు మాత్రమే వింటే మొదటి అంగడే మేలనిపిస్తుంది. లెక్క వేస్తే మొదటిచోట 19,200, రెండోచోట 19,700, మూడోచోట 18,810 వస్తాయి. తక్కువ ఆర్భాటం చేసిన రెండో అంగడివాడే ఎక్కువ ఇస్తున్నాడు.

అంగట్లో మాట

వెళ్లేముందు ఆ రోజు రేటు పత్రికలోనో ఫోనులోనో చూసుకోండి. అది జీఎస్టీ కలిపిన రేటో కాదో కూడా తెలుసుకోండి. కలిపిన రేటు పట్టుకుని వాదిస్తే మీ మాట నిలవదు. ఇంట్లోనే లెక్క వేసుకుని, ఇంతకు తగ్గితే ఇవ్వను అనే అంకె ఒకటి మనసులో పెట్టుకోండి. ఆ అంకె బయటికి చెప్పకండి. అలాగే ఎందుకు అమ్ముతున్నారో చెప్పకండి. “రేపే ఫీజు కట్టాలి బాబూ” అన్న మాటతో మీరు పక్క అంగడికి వెళ్లలేరని అతనికి తెలిసిపోతుంది. కింది సంభాషణ చదవండి. ఒక తల్లి రెండు గ్రాముల 999 బిళ్ల తెచ్చింది.

“మార్చుకుంటారా అమ్మా, డబ్బులు కావాలా?”

“ముందు తూకం వేసి, రేటు చెప్పండి బాబూ.”

“రెండు గ్రాములు సరిగ్గా ఉంది. ఇరవైరెండు రేటు వేసి ఐదు శాతం తీస్తామమ్మా.”

“నగ కాదు కదా, బిళ్ల. మీద 999 ఉంది, బిల్లు ఉంది. మీ మిషన్లో పెట్టి చూడండి.”

“సరే, ఇరవైనాలుగే వేస్తాను. ఐదు శాతం మాత్రం తప్పదు. కరిగించాలి గదా.”

“రాయి లేదు, టంకం లేదు. కరిగిస్తే ఏం తగ్గుతుంది? అవతల వీధిలో రెండున్నర అన్నారు.”

“మీకోసం రెండున్నరే చేస్తాను.”

“రెండు చెయ్యండి, ఇప్పుడే ఇచ్చేస్తాను.”

ఆమె ఆ మాట అని ఊరుకుంది. అతను కాసేపు లెక్కల యంత్రం నొక్కి, సరేనన్నాడు. మొదటి మాట ప్రకారం ఆమెకు వచ్చేది 17,417 రూపాయలు. చివరికి వచ్చింది 19,600. గొంతు పెంచలేదు, బతిమాలలేదు. ప్రతిసారీ ఒక కారణం అడిగింది. అవతల వీధిలో నిజంగానే అడిగి వచ్చింది కనుక ధైర్యంగా చెప్పగలిగింది. అడగని ధర చెప్పకండి. ఒకే బజారులోని వర్తకులకు ఒకరి రేటు ఒకరికి తెలుసు, అబద్ధం అక్కడికక్కడే తేలిపోతుంది.

ఇంకో వంద రూపాయల కోసం ఇంకో ఊరు వెళ్లాలా? బస్సు ఛార్జీ, పోయే సగం రోజు కూలి కూడా లెక్కలో వేసుకోండి. బేరం ఎక్కడ ఆపాలో ఆ లెక్కే చెబుతుంది.

మిషన్ అన్నాం కదా. ఎక్స్-రే కిరణాలతో లోహాన్ని పరీక్షించే ఈ యంత్రం బిళ్లను గీయకుండా క్యారెట్లు చూపుతుంది. అయితే అది చూసేది పైపొరనే. మందంగా బంగారు పూత ఉన్న నకిలీలు దానిని మోసగించగలవు. మచిలీపట్నం దగ్గరి చిలకలపూడి రోల్డుగోల్డు నగలు చూసినవారికి పైపొర ఎంత నమ్మించగలదో తెలుసు. అవి పూత నగలని చెప్పే అమ్ముతారు, అది వేరే సంగతి. అందుకే వర్తకుడు గీటురాయి మీద గీస్తాననో, కత్తిరించి చూస్తాననో అంటే తప్పుపట్టకండి. కాని గీయకముందే, సీలు తీయకముందే ధర మాట్లాడుకోండి. “పరీక్షలో 999 తేలితే ఎంత ఇస్తారు?” అని అడిగి కాగితం మీద రాయించుకోండి. కత్తిరించిన బిళ్లతో మరో అంగడికి వెళితే మీ బలం సగం పోతుంది. మీకు అనుమానం ఉంటే భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ కేంద్రంలో కొద్దిపాటి రుసుముతో ముందే పరీక్ష చేయించుకోవచ్చు.

డబ్బు విషయం. వ్యాపారి ఒక రోజులో ఒకరికి పదివేల రూపాయలకు మించి నగదు చెల్లిస్తే ఆదాయపు పన్ను లెక్కలో దానిని ఖర్చుగా చూపుకోలేడు. అందుకే పెద్ద మొత్తానికి బ్యాంకు ఖాతా అడుగుతాడు. డబ్బు ఖాతాలో పడినట్లు చూసుకున్న తరువాతే బిళ్ల వదలండి. సొంత బంగారం అమ్ముకునే మామూలు మనిషి జీఎస్టీ కట్టనక్కరలేదు. ఆ పేరుతో మీ డబ్బులో కోత పెడితే ఒప్పుకోకండి. బరువు, స్వచ్ఛత, రేటు, చెల్లించిన మొత్తం రాసిన రసీదు అడగండి. వినియోగదారుల చట్టం కొనేవాడిని కాపాడుతుంది గాని, ఇక్కడ మీరు అమ్మేవారు. తరువాత ఫిర్యాదు చేయడం కష్టం కనుక ముందు జాగ్రత్తే మీకు ఆధారం.

అవసరం రెండు మూడు నెలలదే అయితే తాకట్టు గురించి కూడా అడగండి. బ్యాంకులు అమ్మిన బిళ్లల మీద, ఒక్కొక్కరికి 50 గ్రాములు మించకుండా, రుణం ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు వీలు కల్పిస్తాయి. వడ్డీ ఎంతవుతుందో, అమ్మితే పోయేది ఎంతో పక్కపక్కన వేసి చూడండి.

మీరు చేయండి

మీ దగ్గర 4 గ్రాముల 999 బిళ్ల ఉంది. మేలిమి రేటు గ్రాము 10,000. ఒక అంగడివాడు ఆ రేటు మీద 4 శాతం తీస్తానన్నాడు. రెండోవాడు “మేము తరుగు అసలు తీయం” అంటూ 9,167 రేటు వేశాడు. ఎవరి దగ్గర ఎంత ఎక్కువ వస్తుంది? రెండోవాడితో మీరేమంటారు?

జవాబు: మొదటిచోట 38,400, రెండోచోట 36,668. మొదటిచోట 1,732 రూపాయలు ఎక్కువ. రెండోవాడితో, “తరుగు తీయనందుకు సంతోషం. కాని ఇది 22 క్యారెట్ల రేటు, నా బిళ్ల 24. ఆ రేటుతో వేసి చెప్పండి” అనాలి.