వార్తల్లో పదం: హెప్సిడిన్

ఇనుపమాత్రలు వాడినను రక్తము పట్టదేమి యను ప్రశ్న వచ్చినపుడు వైద్యులు పేర్కొను హెప్సిడిన్, కాలేయమున జనించి, తిన్న ఆహారమునుండి ఎంత ఇనుము రక్తమున చేరవలెనో నిర్ణయించు హార్మోను.

2000 ప్రాంతమున శాస్త్రజ్ఞుల కంటబడిన యీ చిన్న ప్రోటీను, పేగుగోడలయందు ఇనుమునకు ద్వారమైన ఫెర్రోపోర్టిన్‌ను మూయును. ఒంట ఇనుము తరిగినచో తాను తగ్గి, దానిని తెరచును. నెలసరి రక్తము కోల్పోవు స్త్రీలలోను, నెలలు నిండుచున్న గర్భిణులలోను ఇది సహజముగనే తగ్గును. అయినను ఆహారమున ఇనుము చాలనిదే ద్వారము తెరచియు ఫలము లేదు; హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో దినమునకు పురుషునకు 19, స్త్రీకి 29 మిల్లీగ్రాముల ఇనుమును సూచించినది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15–49 ఏండ్ల స్త్రీలలో 58.8 శాతము రక్తహీనులని తేలినది.

హెప్సిడిన్‌ను అణచియుంచు టీఎంపీఆర్ఎస్ఎస్6 జన్యువు రెండు ప్రతులును చెడిన అరుదైన వారికి మాత్రలు పనిచేయుట కష్టము.

శ్రీకాకుళం జిల్లాలో పలాస పరిసరములందు, దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి పీడించుచున్న ఉద్దానసీమలో చిక్కు వేరు: మూత్రపిండములు బలహీనమైనచో హెప్సిడిన్ రక్తమున పేరుకొని ద్వారమును మూసివేయును, అట్టివారికి ఇనుమును సూదిమందుగా ఎక్కించవలసి రావచ్చును. తక్కిన స్త్రీలు, తోటకూర తినునపుడు నిమ్మరసము పిండుకొని, భోజనానంతరము వెంటనే తేనీరు మానినచో, ఇనుము మెరుగుగా ఒంటబట్టును.