పేరు గల కొలతలు
1963లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీయందు ఐవాన్ సదర్లాండ్ రచించిన స్కెచ్‌ప్యాడ్ అను ప్రోగ్రాము, తెరమీది గీతలు పరస్పరము పాటింపవలసిన నియమములను, అనగా ఈ రెండును సమాంతరములు, ఆ రెండును సమానములు అనువానిని, కంప్యూటరునకు తెలుపు మార్గమును చూపెను. 1988లో వెలువడిన ప్రో ఇంజనీర్ అను డిజైను ప్రోగ్రాము ఇట్టి భావమును కర్మాగారముల డిజైను గదులకు చేర్చెను.

ఇట్టి ప్రోగ్రాములో గీయుటకు ఉదాహరణముగా, గొట్టములను జోడించు ఫ్లాంజిని తీసికొందము. దాని చుట్టును బోల్టులకై ఆరు రంధ్రములు కావలెను. ఒక రంధ్రమును గీచి, తక్కినవానిని వృత్తాకారపు ప్యాటర్నుగా ఆవృత్తి చేయునపుడు, 60 డిగ్రీలని ఉత్త అంకె వేసి ఊరకుండినచో, ఎనిమిది బోల్టులు కావలసిన నాడు కోణమును మరల లెక్కించుకొనవలసి వచ్చును; అట్లుగాక రంధ్రముల సంఖ్యకొక పేరు పెట్టి, 360ని ఆ పేరుతో భాగింపుమని సూత్రము వ్రాసినచో, ఒక్క అంకె మార్చినంతనే చిత్రమంతయు 45 డిగ్రీల ఎడముతో తనంత తానే సర్దుకొనును. రంధ్రకేంద్రములు నిలుచు వృత్తముయొక్క వ్యాసమును ఫ్లాంజి వ్యాసమునకు ముడివేసినచో, ఫ్లాంజి పెరిగినపుడు రంధ్రములును వెలుపలికి జరుగును. అయితే సూత్రమునకు ఇంగితము లేదు. సంఖ్యను మితిమీరి పెంచినచో రంధ్రములు ఒకదానిలోనికొకటి చొచ్చుకొనును.

వందలకొలది రంధ్రములుండు జల్లెడ రేకులోని రంధ్రములను మాత్రము, సమతల చిత్రమగు స్కెచ్‌లోనే ఆవృత్తి చేయుట నాకు సమ్మతము కాదు; మార్పు చేసిన ప్రతిసారియు అన్ని గీతల నియమములను మరల సాధింపవలసి వచ్చి కంప్యూటరు మందగించును గనుక, ఘనరూపమున ఒక్క రంధ్రమును తొలిచి, దానినే ఆవృత్తి చేయుట మేలు.