రాజుల గోడ దిగి... మన గూట్లోకొచ్చిన బొమ్మ!

పౌరాణిక సినిమా చూస్తుంటాం. తెర మీద సరస్వతీదేవి ప్రత్యక్షమవుతుంది. తెల్లచీర, చేతిలో వీణ, పక్కన నెమలి. చేతులు జోడించేస్తాం. అమ్మవారు ఇలాగే ఉంటుందని మీకెవరు చెప్పారండీ అని ఎవరైనా అడిగితే మాత్రం తెల్లమొహం వెయ్యాల్సిందే!

ఆ రూపాన్ని మన కళ్లకు అలవాటు చేసినవాడు రాజా రవివర్మ. 1848లో తిరువాన్కూరు సంస్థానంలోని కిలిమానూరులో పుట్టాడు. ఏ ఆర్టు స్కూలు గడపా తొక్కలేదు. మనిషిని మనిషిలా, పట్టును పట్టులా కనిపించేలా చిత్రించి, ఆ కుంచె మీదే బతికాడు. అదీ ఆయన కథలోని అసలు విశేషం.

చూసి నేర్చిన విద్య

తొలి పాఠాలు మేనమామ రాజరాజవర్మవి. 1862లో ఆయన వెంటే తిరువనంతపురం కోటకు చేరాడు. కుర్రాడి మనసేమో తైలవర్ణాల మీద! వాటి గుట్టు తెలిసినవాళ్లు పెదవి విప్పరే! 1868లో థియోడర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు రాజకుటుంబం బొమ్మలు వెయ్యడానికి వచ్చాడు. ఆయనా పాఠం చెప్పలేదు. పని చేస్తుంటే చూడనిచ్చాడు. అంతే!

రవివర్మకు అది చాలింది. నూనె రంగు చప్పున ఆరదు. వెలుగు నీడలోకి జారే చోట, తడి ఉండగానే రెండు రంగుల్నీ కలిపెయ్యొచ్చు. బుగ్గ గుండ్రన, జరీ తళుకు, అన్నీ అక్కడే పుడతాయి. ఆ కిటుకును కళ్లతో పట్టి, ఏళ్ల తరబడి చేత్తో సాధించాడు.

కుంచెకు కూలి

1870లో కోళిక్కోడులో ఒక న్యాయాధికారి కుటుంబాన్ని చిత్రించి తొలి పారితోషికం అందుకున్నాడు. 1873లో, కొప్పున పూలు తురుముకుంటున్న నాయరు వనిత బొమ్మకు మద్రాసు ప్రదర్శనలో బహుమతి. 1880లో ఆయిల్యం తిరునాళ్ మహారాజు కన్నుమూశాక సొంత సంస్థానంలో ఆదరణ తగ్గింది. దిగులుపడి కూర్చున్నాడా? అబ్బే! బరోడా, మైసూరు, ఉదయపూర్... పిలిచిన చోటికల్లా వెళ్లాడు. బరోడాకి 14 పురాణ చిత్రాలు వేసిచ్చాడు. వెంట తమ్ముడు. ఆయన పేరూ రాజరాజవర్మే! ఉత్తరప్రత్యుత్తరాలు చూసేదీ, అన్న బొమ్మల వెనుక కొండలూ చెట్లూ వేసేదీ ఆయనే. బొమ్మలు కావాలంటూ వచ్చే జాబులు ఎక్కువై కిలిమానూరులో తపాలా కచేరీ పెట్టాల్సి వచ్చిందంటారు!

1893లో వేసిన 'అదిగో నాన్న వస్తున్నారు' చిత్రంలో బిడ్డనెత్తుకున్న తల్లి ఎవరనుకున్నారు? రవివర్మ కన్నకూతురే!

రాతి మీద రంగులు

తైలవర్ణచిత్రం కొనాలంటే మహారాజై ఉండాలి. మరి మామూలు మనిషి మాటేమిటి? 1894లో బొంబాయిలో లితో ప్రెస్సు పెట్టాడు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ఆ రాళ్ల మీద తిరిగిన లక్ష్మి, సరస్వతి, శకుంతల చౌకధరకు ఇంటింటి గోడకూ ఎక్కారు. దేవుణ్ణి చూడ్డానికి గుళ్లోకి రానివ్వని వాళ్లకు కూడా ఇంట్లోనే దర్శనమైంది!

కానీ దేవుళ్లు అచ్చయినంత తేలిగ్గా డబ్బు నిలవలేదు. ప్లేగు రోజులు, అప్పులు. చివరికి ప్రెస్సును ఫ్రిట్జ్ ష్లైకర్ అనే జర్మను నిపుణుడికి అమ్మేశాడు. 1905లో తమ్ముడు పోయాడు. 1906 అక్టోబరు 2న అన్న వెళ్లిపోయాడు.

కేలండరు బొమ్మలని వెక్కిరించినవాళ్లు తర్వాత చాలామందే వచ్చారు. ఆ ప్రెస్సులో పనిచేసిన ఫాల్కే మాత్రం 1913లో 'రాజా హరిశ్చంద్ర' తీసి, పురాణాన్ని తెరకెక్కించాడు. 1979లో కేంద్రప్రభుత్వం రవివర్మ చిత్రాలను జాతీయ కళాసంపదగా ప్రకటించి, దేశం దాటకుండా కట్టడి చేసింది.

గురువు దొరకలేదనీ, ఉద్యోగం లేదనీ దిగులుపడుతూ ఇంట్లో పెన్సిలుతో ముఖచిత్రాలు దిద్దుకునే కుర్రకారు ఇవాళా ఉన్నారు. రవివర్మ దగ్గర వాళ్లు నేర్చుకోవలసినవి రెండు. చూసే కన్నుంటే పాఠం ఎక్కడైనా దొరుకుతుంది. రెండోది... కుంచె పట్టినంత శ్రద్ధగా జమాఖర్చుల పుస్తకమూ పట్టాలి!